రాకుమారి కథ రెండవ భాగము: ప్రేక్షకుల తీర్పులు

ఒకే చలనచిత్రమును ఒకే చోట కూర్చుండి చూచిన పదిమంది, ఇంటికి పోవు త్రోవలో పది విధములుగా మాటలాడుకొనుట అందఱును వినినదే. ఈ యేడు సెలవుల తరువాత మా తరగతిలోని ముగ్గురు బాలికలు ఇట్టి వాదములోనే పడిరి. తాము చూచిన యొక ఇంగ్లీషు చిత్రమును ఒకతె మిక్కిలి మెచ్చుకొనెను. రెండవ యామె, అందలి ముగింపు మొదటనే తెలిసిపోయినదని పెదవి విఱిచెను. మూడవ యామె, తనతో కూర్చుండి చూచిన అవ్వ కన్నీరు పెట్టుకొనెనని చెప్పెను. "మాస్టరుగారూ, మాలో ఎవరి మాట సరియైనది?" అని మమ్మడిగిరి. ఇట్టి చిత్రములు ఒట్టి కాలహరణమని మేము తొందరపడి పలికితిమి. "మీరు చూచితిరా?" అని ఆ పిల్ల అడిగెను. మేము చూడలేదు. అంతలో గంట కొట్టిరి గనుక మా సిగ్గు కొంత దాగినది. ఆదివారమునాడు ఇంటిల్లిపాదియు కూర్చుండి ఆ చిత్రమును చూచితిమి; దానిని గూర్చి ఇతరులు చెప్పినదియు చదివితిమి. నాడు చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసము.

చిత్రము తెలియనివారికొఱకు ముందుగా నాలుగు మాటలు. మెగ్ కాబట్ అను అమెరికా రచయిత్రి 2000వ సంవత్సరమున బాలికలకొఱకు ఒక నవలను ప్రకటించెను. సామాన్యురాలుగా పెరుగుచున్న ఒక పాఠశాల బాలికకు, తాను ఒక చిన్న దేశమునకు రాకుమారినని హఠాత్తుగా తెలియుట అందలి కథ. ఆ దేశము పేరు జెనోవియా. అది యూరపు ఖండమున నున్నట్లు కల్పింపబడినదే కాని, ఏ పటములోను కానరాదు. డిస్నీ సంస్థవారు ఈ నవలను 'ది ప్రిన్సెస్ డైరీస్' అను పేరుతో 2001లో చిత్రముగా తీసిరి. దర్శకుడు గ్యారీ మార్షల్. రాకుమారి మియాగా ఆన్ హాథవే నటించెను. ఆమెకు అదియే మొదటి చిత్రము. మియా నాయనమ్మయైన క్లారిస్ రాణిగా సుప్రసిద్ధ నటియు గాయనియు నగు జూలీ ఆండ్రూస్ నటించెను. ఆ చిత్రము అన్ని దేశములలోను కలిపి 16 కోట్ల డాలర్లకు పైగా రాబట్టెను. అంత లాభము చూచినవారు రెండవ భాగమును తలపెట్టక మానుదురా? 2004 ఆగస్టు 11వ తేదిని 'ది ప్రిన్సెస్ డైరీస్ 2: రాయల్ ఎంగేజ్‌మెంట్' వెలువడెను. రాచవారి వివాహ నిశ్చయమని ఆ పేరునకు భావము.

ఈ రెండవ కథలో మియా చదువు ముగించుకొని, ఇరువది యొకటవ యేట జెనోవియాకు వచ్చును. నాయనమ్మ సింహాసనమును విడువనున్నది, మనుమరాలు ఎక్కవలెను. అప్పుడు మేబ్రీ ప్రభువు అను నతడు ఒక పాత శాసనమును బయటికి తీయును. పెండ్లి కాని స్త్రీ రాణి కాగూడదని ఆ శాసనము. రాజ్యము తన మేనల్లుడు నికొలస్‌కు దక్కవలెనని అతని యెత్తు. సభవారు మియాకు ముప్పది దినములు గడువిత్తురు. ఆమె ఆండ్రూ అను మంచివాడైన ఇంగ్లీషు ప్రభువును వరునిగా ఒప్పుకొనును. కాని ఆమె మనస్సు క్రమక్రమముగా శత్రుపక్షపువాడైన నికొలస్ వైపు మొగ్గును. పెండ్లినాడు ఆమె దేవాలయమునందే సభవారి నెదుట నిలిచి, రాజుల కెన్నడును పెట్టని షరతు రాణులకు మాత్రమెందుకని ప్రశ్నించును. శాసనము రద్దగును. ఆ పెండ్లి పందిరి వృథాపోక, అందే నాయనమ్మ తనను చిరకాలముగా ప్రేమించుచున్న అంగరక్షకుడు జోను వివాహమాడును. మియా అవివాహితగానే కిరీటము ధరించును.

ఇక తీర్పులకు వత్తము. పత్రికలలోని విమర్శకులు ఈ చిత్రమునెడల దయ చూపలేదు. వెలువడిన విమర్శలను ప్రోగుచేసి చూడగా, సుమారు నాలుగవ వంతు మాత్రమే అనుకూలముగా నున్నవి. మొదటి చిత్రమునకు ఇంచుమించు సగము అనుకూలముగా నుండెను. వారి యాక్షేపణలలో ముఖ్యమైనవి మూడు. మియా ఎవరిని వరించునో చూచువారికి ముందే తెలిసిపోవుట మొదటిది. జారిపడుట, నీటిలో పడుట వంటి చేష్టలతోనే నవ్వింపజూచుట రెండవది. తోటలో మియాయు నికొలస్‌యు వాదులాడుచు నీటితొట్టిలో పడు ఘట్టము ఇందుకు ఉదాహరణము. తరతరముల శాసనము ఒక్క యుపన్యాసముతో, నిమిషములలో రద్దగుట నమ్మశక్యము కాకుండుట మూడవది.

ఈ మూడును అబద్ధములు కావు. మేమును చూచి ఒప్పుకొంటిమి. వీనికి తోడు, ఇట్టి ఉత్తరభాగములకన్నిటికిని సహజమైన కష్టమొకటి కలదు. మొదటి కథలోని ఆనందమంతయు మార్పులో నున్నది. చెదరిన జుట్టుతో, కండ్లజోడుతో, నలుగురిలో మాటలాడుటకు జంకు పిల్ల రాకుమారియగును. ఆ మార్పు ఒక్కమాఱే జరుగును. రెండవమాఱు చెప్పుటకు క్రొత్త ప్రశ్న కావలెను. అది దొరకనిచో పాత వేషమునే మరల వేయవలసివచ్చును. ఈ చిత్రమునందు పాత వేషమును కలదు, క్రొత్త ప్రశ్నయు కలదు. విమర్శకులు ఎక్కువగా వేషమును చూచిరి.

అయినను కుటుంబములు విమర్శకుల మాట వినలేదు. చిత్రము 13 కోట్ల డాలర్లకు మించి రాబట్టెను. మొదటిదానికంటె ఇది తక్కువయే. కాని అంత చెడ్డపేరు మోసిన చిత్రమునకు ఇది స్వల్పము కాదు. అమెరికాలో చిత్రములకు వయస్సునుబట్టి గుర్తులిచ్చు పద్ధతి కలదు. దీనికి ఎల్లవయసులవారును చూడదగినదను 'జి' గుర్తు లభించెను. ప్రేమకథయై యుండియు ఆ గుర్తు పొందు చిత్రములు అరుదు. తల్లిదండ్రులు దీనిని మెచ్చుకొనుటకు ఇదియే మొదటి కారణము. పిల్లల ప్రక్కన కూర్చుండి, ఏ ఘట్టమున తల త్రిప్పుకొనవలసివచ్చునో యను వెఱపు లేక నవ్వగలుగుట వారికి పెద్ద మేలు. ముగింపు ముందే తెలిసినదను మాట పిల్లలకు దోషముగా తోచదు. తెలిసిన కథనే మరల చెప్పుమని రాత్రివేళ అవ్వను వేధించు బిడ్డను చూచినవారికి ఈ సంగతి వివరింపనక్కఱలేదు.

పిల్లలు మిక్కిలి జ్ఞాపకముంచుకొను ఘట్టములలో ఊరేగింపు ఒకటి. బండిలో పోవుచున్న మియా, త్రోవప్రక్క అనాథబాలలలో ఒక చిన్నదానిని ఇతరులు ఏడిపించుచుండుట చూచి, బండిని ఆపి దిగును. ఆ పిల్లలందఱికిని చిన్న కిరీటములు ఇప్పించి, తనతో కూడ ఊరేగింపులో నడిపించును. రాజ్యము చేయుటయనగా ఏమో చెప్పుటకు మాకు ఈ ఘట్టము ఒక పాఠముకంటె బాగుగా పనికివచ్చునని తోచినది.

పెద్దవారి మెప్పు మఱియొక త్రోవను వచ్చినది. జూలీ ఆండ్రూస్ 1964లో 'మేరీ పాపిన్స్' చిత్రముతోను, 1965లో 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' చిత్రముతోను లోకమంతటను పేరు పొందిన గాయని. 1997లో జరిగిన గొంతు శస్త్రచికిత్స వలన ఆమె మధురకంఠము చెడిపోయెను. ఏడేండ్లు గడచిన తరువాత ఈ చిత్రములో ఆమె మరల ఒక పాట పాడెను. పూర్వపు ఎత్తులకు పోక, తగ్గుస్వరములో, కొంత మాటలాడినట్లును కొంత పాడినట్లును సాగిన చిన్న పాట అది. బాల్యమున ఆమె పాట విని పెరిగినవారు అక్కడ నవ్వులాటను చూడలేదు. పోయిన కంఠములో మిగిలినదానిని దాచక వినిపించిన యొక వృద్ధకళావతిని చూచిరి. ఈ సంగతి తెలియని బాలునికి అది పిల్లల విందులోని పాట మాత్రమే. చూచువారు తమవెంట తెచ్చుకొను జ్ఞాపకమునుబట్టి ఒకే ఘట్టము రెండుగా మాఱుట ఇట్లే.

నవల చదివినవారి తీర్పు వేఱు. నవలలో మియా తండ్రి బ్రదికియున్నాడు, చిత్రములో మరణించినాడు. మొదటి చిత్రమునందు మియా మనసిచ్చిన మైకేల్ అను యువకుడు రెండవదానిలో కానరాడు. పాటల బృందముతో దేశములు తిరుగుచున్నాడను ఒక్క మాటతో అతని ప్రస్తావన ముగియును. నవలలలో మైకేలు ముఖ్యుడు గనుక, చదువరులు దీనిని మన్నింపలేదు. అతని స్థానమున వచ్చిన నికొలస్‌గా క్రిస్ పైన్ నటించెను. అతనికి ఇదియే మొదటి చిత్రము. నవల తెలియనివారు ఆ క్రొత్తవానిని ఆదరించిరి. ఒకరికి కొఱత యైనది మఱియొకరి కంటికి ఆననే లేదు.

కాలమును కొన్ని తీర్పులను మార్చినది. 2004లో బాలికలుగా చూచినవారు ఇప్పుడు తల్లులైనారు. ఆన్ హాథవే 2013లో ఆస్కారు బహుమానము పొందినది. ఈ చిత్రమునకు సంభాషణలతో కూడిన కథాపత్రమును వ్రాసిన షోండా రైమ్స్ మరుసటి యేటనుండి టెలివిజను ధారావాహికలతో ప్రఖ్యాతి నందెను. గ్యారీ మార్షల్ 2016లో మరణించెను. 2024లో మూడవ భాగము తీయబడునని ఆన్ హాథవే ప్రకటించినప్పుడు సంతోషించినవారిలో ఆనాటి బాలికలే యెక్కువ. విమర్శకులు తక్కువగా నెంచినదానిని ఒక తరమువారు ఇరువది యేండ్లు మనస్సున దాచుకొనిరన్నమాట.

ఇక చిత్రములోని క్రొత్త ప్రశ్న. పెండ్లి కాని స్త్రీ ఏలరాదను శాసనము జెనోవియావలెనే కల్పితము. ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్తు రాణి 1558 మొదలు 1603 వఱకు అవివాహితగానే రాజ్యము చేసెను గదా! కాని స్త్రీకొక కొలత, పురుషునికొక కొలత యనునది కల్పితము కాదు. బ్రిటనులో రాజు కుమార్తె ముందుగా పుట్టినను, తరువాత పుట్టిన తమ్ముడే సింహాసనమునకు ముందు నిలుచు పద్ధతి శతాబ్దములపాటు సాగెను. స్వీడను దేశము అట్టి పద్ధతిని 1980లో మానుకొనెను. బ్రిటనులో 2013లో చేసిన శాసనము 2015లో అమలులోనికి వచ్చెను. అందుచేత 2015లో జన్మించిన షార్లెట్ రాకుమారి, 2018లో తమ్ముడు లూయీ పుట్టినను తన వరుసను కోల్పోలేదు. మియా దేవాలయములో అడిగిన ప్రశ్న నిజమైన రాజ్యములలోను అడుగవలసివచ్చినదే. అక్కడ జవాబు నిమిషములలో దొరకలేదు, తరములు పట్టినది. చిత్రముయొక్క లోపము ప్రశ్నలో లేదు, జవాబు సులభముగా దొరకినట్లు చూపుటలో కలదు.

కాబట్టి ఎవరి మాట సరియైనది? విమర్శకుడు ఈ చిత్రమును తాను చూచిన వందల చిత్రములతో తూచును. పిల్ల తన సంతోషముతో తూచును. నవల చదివినవారు నవలతోను, వృద్ధులు తమ బ్రదుకుతోను తూచుదురు. త్రాసులు వేఱుగుటచేత తూకములు వేఱైనవి. అంతమాత్రమున అన్ని తీర్పులును సమానములని మేమనము. "బాగున్నది", "బాగులేదు" అని యూరకుండు తీర్పునకు విలువ తక్కువ. ఎందువలన, ఏ ఘట్టమున, దేనితో పోల్చి, అని చెప్పగల తీర్పు, అది మన తీర్పునకు విరుద్ధమైనను, వినదగినది. చూడక చెప్పు తీర్పు మాత్రము దేనికిని పనికిరాదు. దీనిని మేము మా తరగతిలోనే నేర్చుకొంటిమి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలతో చిత్రము చూచినప్పుడు, అది ముగిసినంతనే లేచిపోక, నీకేది నచ్చినది, ఎందుకు నచ్చినదని అడుగుడు. వారి జవాబు నచ్చకపోయినను ఓపికతో వినుడు. కారణము చెప్పుటకు అలవాటుపడిన బిడ్డ పెద్దదైన పిమ్మట పెద్ద విషయములందును కారణము చెప్పగలదు, ఇతరులను అడుగను గలదు.

మెచ్చుకొన్న బాలికా, నీ సంతోషమునకు సిగ్గుపడకుము. ఊరేగింపు ఘట్టమును గూర్చి ఒక పుట వ్రాసి తెమ్ము. పెదవి విఱిచిన బాలికా, నీవు పట్టిన దోషము నిజమే. కాని ముగింపు ముందే తెలిసియు నీవు చివరివఱకు ఎందుకు కూర్చుంటివో ఆలోచింపుము. మూడవ బాలికా, నీ అవ్వ కన్నీటికి కారణము నీవు మాకు చెప్పలేదు. పెండ్లినాడు క్లారిస్ రాణి మనుమరాలితో, తాను జీవితమంతయు ధర్మమునే ఎంచుకొని తన మనస్సును ప్రక్కకు నెట్టితినని చెప్పుకొను ఘట్టము ఒకటి కలదు. అవ్వ అక్కడ ఏడ్చినదో, పాటకడ ఏడ్చినదో మేమెఱుగము. నేడు ఇంటికి పోయి, ఆమె ప్రక్కన కూర్చుండి, నీవే అడుగుము.