మౌస్ పట్టిన మహారాజులు!

అది ఉత్తుత్తి దేశం. నడిపేది ఉత్తుత్తి ప్రభుత్వం. అయినా అక్కడా ఎన్నికలున్నాయి, పార్టీలున్నాయి, వెన్నుపోట్లూ ఉన్నాయి. గద్దె ఎక్కినవాడు దిగనంటే ఏమవుతుందో ఓ కంప్యూటర్ ఆట కళ్లకు కట్టింది.

కంప్యూటర్ తెరవగానే ఓ దస్త్రం ఎదురుచూస్తుంటుంది. 'ఓటు వేయడం తప్పనిసరి చేద్దామా?' అని అడుగుతుంది. పక్కనే సలహాదారులు... ఒకరు చేయమంటారు, ఒకరు వద్దంటారు. ఏదో ఒకటి నొక్కాలి. నొక్కితే ఫలితం అనుభవించాలి. పౌరహక్కులు పెరిగితే ఆర్థికవ్యవస్థ కుంగిపోవచ్చు, ఖజానా నిండితే రాజకీయ స్వేచ్ఛ తగ్గిపోవచ్చు. అందరినీ మెప్పించే మీట మాత్రం ఎక్కడా ఉండదు!

ఆ ఆట పేరు నేషన్‌స్టేట్స్. సృష్టికర్త ఆస్ట్రేలియా రచయిత మ్యాక్స్ బ్యారీ. ఉద్యోగులు తాము పనిచేసే కంపెనీ పేరునే ఇంటిపేరుగా పెట్టుకునే విచిత్ర లోకం గురించి ఆయన 'జెన్నిఫర్ గవర్నమెంట్' అనే నవల రాశారు. 2003లో వచ్చిన ఆ పుస్తకం ప్రచారం కోసం 2002 నవంబరులోనే సరదాగా ఈ ఆట పెట్టారు. ప్రచారానికి పుట్టిన ఆటే చివరికి ఓ ప్రపంచమైపోయింది. ఎంతగా అంటే... అందులోని 'ఐక్యరాజ్యసమితి'ని చూసి 2008లో అసలు ఐక్యరాజ్యసమితే 'మా పేరు, చిహ్నం వాడొద్దు' అంటూ నోటీసు పంపింది. దాంతో అది 'ప్రపంచ అసెంబ్లీ'గా పేరు మార్చుకుంది.

కుర్చీ మహిమ

అసలు రాజకీయం దేశం లోపల కాదు, దేశాల మధ్య ఉంటుంది. ప్రతి దేశమూ ఏదో ఒక 'ప్రాంతం'లో ఉండాలి. ఇరుగుపొరుగు దేశాల మద్దతు ఎవరికి ఎక్కువ ఉంటే వారే ఆ ప్రాంతానికి ప్రతినిధి. ఆ కుర్చీకి ఓ బ్రహ్మాస్త్రం ఉంది. నచ్చని దేశాన్ని ప్రాంతం నుంచి బయటకు గెంటేయొచ్చు. ఆటగాళ్లు సొంతంగా పెట్టుకున్న ప్రాంతాల్లో అయితే, ప్రతినిధి హద్దు మీరితే అడ్డుకోవడానికి అప్పట్లో స్థాపకుడుండేవాడు. కొత్తగా పుట్టిన దేశాలు వచ్చిపడే 'పసిఫిక్' లాంటి ప్రాంతాలకు ఆ దిక్కు కూడా లేదు.

2003 ఆగస్టులో అక్కడ అదే జరిగింది. పసిఫిక్‌లో ప్రతినిధి పదవి దక్కించుకున్న ఓ ఆటగాడు ఎదురు తిరిగినవాళ్లను ఒక్కొక్కరిగా గెంటేశాడు. ఇంక మద్దతు ఉపసంహరించుకునేది ఎవరు? ప్రజలు నాయకుణ్ని మార్చుకోవాల్సిన చోట నాయకుడే ప్రజలను మార్చేశాడు!

అలా పుట్టిందే 'న్యూ పసిఫిక్ ఆర్డర్'. అది ఉట్టి ముఠాగా మిగిలిపోలేదు. వర్గపోరాటం పద్ధతిలో ఓ సిద్ధాంతం రాసుకుంది. కొత్త దేశాలు పుట్టే ప్రాంతాల ప్రయోజనాలు వేరు, సొంత ప్రాంతాలు కట్టుకున్నవారి ప్రయోజనాలు వేరు అంది. క్రమశిక్షణ లేకపోతే పైవాళ్లు మింగేస్తారంది. కొందరు నియంతృత్వం అన్నారు. మరికొందరు 'గొడవల్లేకుండా హాయిగా ఉంది కదా' అన్నారు. ఈ రెండో మాట ఎక్కడో విన్నట్టుందా?

కర్మ తిరిగొచ్చింది

2006లో సైబర్ నేషన్స్ అనే మరో ఆట మొదలైంది. పసిఫిక్ వీరులు అక్కడికీ వెళ్లారు. వాళ్ల కూటమి ఆ ఆటలోనే అతిపెద్దదిగా ఎదిగింది. నాయకుడి హోదా 'చక్రవర్తి'. ఓడినవారికి కఠిన షరతులు తప్పేవి కావు.

2009 ఏప్రిల్‌లో ఓ చిన్న కూటమి తమపై గూఢచర్యం చేసిందంటూ ఆర్డర్ యుద్ధానికి దిగింది. ఈసారి లెక్క తప్పింది. ఆ చిన్న కూటమికి మిత్రులు, ఆ మిత్రులకు మిత్రులు, పాత దెబ్బలు మరిచిపోనివాళ్లు... అంతా ఏకమయ్యారు. ఆ జట్టు తనకు పెట్టుకున్న పేరేంటో తెలుసా? 'కర్మ'! అచ్చంగా మన మాటే. చేసుకున్నవారికి చేసుకున్నంత అన్నట్టు ఆర్డర్ జులైలో లొంగిపోయి భారీ నష్టపరిహారానికి తలవంచింది.

మాటే కట్టుబాటు

చాలా ప్రాంతాలు మరో దారి పట్టాయి. నేషన్‌స్టేట్స్‌లో పార్టీ పెట్టడానికి మీట లేదు, రాజ్యాంగానికి మీట లేదు, కోర్టుకూ లేదు. ఆటగాళ్లే కూర్చుని రాజ్యాంగాలు రాసుకున్నారు. పార్టీలు పెట్టుకుని మేనిఫెస్టోలు పంచుకున్నారు, న్యాయమూర్తులను ఎన్నుకున్నారు. ఓడిన ప్రతినిధి గడువు ముగియగానే కుర్చీ అప్పగించాలని నియమం పెట్టుకున్నారు.

అప్పగించకపోతే? కంప్యూటర్ ఏమీ అనదు. గెంటేసే మీట అతని వేలికిందే ఉంటుంది. అయినా చాలామంది దిగిపోయారు, దిగిపోతున్నారు. ఇచ్చిన మాట తప్పితే రేపు పక్కన నిలబడేవారుండరన్న భయం కొంత, ఇది మనం రాసుకున్నదే కదా అన్న గౌరవం కొంత.

పరీక్షల ముందు ఈ ఆటలేంటని అమ్మానాన్నలు విసుక్కోవడం సహజమే. గంటల తరబడి కూర్చుంటే కళ్లూ, మార్కులూ రెండూ పాడవుతాయి. కాకపోతే ఈసారి పిల్లలు తెర ముందు కనిపిస్తే ఒక్క ప్రశ్న అడిగి చూడండి... 'ఓడిపోతే దిగిపోతావా?' అని. పౌరశాస్త్రం పుస్తకంలో ఎన్ని పాఠాలున్నా అన్నిటికీ మూలం ఆ జవాబులోనే ఉంది.