ఫాస్టర్ తల్లిదండ్రులు కావాలంటే ఏం ఉండాలి? ఏం అక్కర్లేదు?

“పిల్లల్లేరు, ఓ బిడ్డని పెంచుకుంటాం. ఏ కాగితాలు కావాలి?” అని చాలామంది అడుగుతుంటారు. కాగితాల సంగతి తర్వాత. ముందు ఒక్క విషయం మీ ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. ఫాస్టర్ కేర్ అంటే దత్తత కాదు. బిడ్డ మీ ఇంట్లో ఉంటుంది, మీరే అన్నం పెట్టి బడికి పంపుతారు. చట్టం దృష్టిలో మాత్రం తన కన్నవాళ్ల బిడ్డగానే ఉంటుంది. బాలల సంక్షేమ సమితి వద్దంటే తప్ప, కన్నవాళ్లు మీ ఇంటికి వచ్చి బిడ్డని చూసుకోవచ్చు. వాళ్ల పరిస్థితి కుదుటపడిందని సమితి తేలిస్తే బిడ్డ తిరిగి వాళ్ల దగ్గరికి వెళ్తుంది. “అలా ఎలా పంపుతామండీ?” అని మీకు అనిపిస్తే తప్పేం లేదు, కానీ మీకు సరిపోయేది దత్తత. దానికి వేరే దరఖాస్తు, వేరే పద్ధతి.

దీనికి ఆధారం 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 44వ సెక్షన్. 2024లో కేంద్రం ఇచ్చిన కొత్త మార్గదర్శకాలు కొన్ని తలుపులు తెరిచాయి. ఇప్పుడు పెళ్లి కానివాళ్లు, భర్త పోయినవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు కూడా అడగొచ్చు. ఒంటరి మహిళకు ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా ఇస్తారు. ఒంటరి పురుషుడికి మగపిల్లవాడిని మాత్రమే ఇస్తారు. భార్యాభర్తలైతే కనీసం 2 ఏళ్లుగా సజావుగా కాపురం చేస్తూ ఉండాలి. ఒకరికి ఇష్టమై ఇంకొకరికి లేకపోతే కుదరదు.

వయసు దగ్గర చాలామంది తికమక పడుతున్నారు. దంపతుల విషయంలో ఇద్దరి వయసూ కలిపి చూస్తారు, కనీసం 70 రావాలి. ఆయనకి 40, ఆమెకి 36 అయితే మొత్తం 76, సరిపోతుంది. 36, 32 అయితే 68, సరిపోదు. ఒంటరివాళ్లకి కనీసం 35 ఏళ్లు. 6 నుంచి 12 ఏళ్ల బిడ్డ కోసమైతే 55 దాటకూడదు, 12 నుంచి 18 ఏళ్ల వారి కోసమైతే 60 దాటకూడదు. చంటిపిల్లల కోసం వచ్చేవాళ్లకి ముందే చెప్తున్నాం, ఈ పద్ధతిలో ఇచ్చేది 6 ఏళ్లు దాటిన పిల్లల్నే. అప్పటికే కొంత చూసి, కొంత పోగొట్టుకుని వచ్చిన పిల్లలు వాళ్లు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే విడదీయకుండా ఒకే ఇంట్లో ఉంచాలనే చూస్తారు.

ఇంటి పరిశీలనకి జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లు వస్తారు. సున్నాలు వేయించి, కొత్త సోఫా కొనక్కర్లేదు. బిడ్డ పడుకోవడానికి చోటుందా, ఇంట్లో అందరి ఆరోగ్యం ఎలా ఉంది, ఎవరి మీదైనా క్రిమినల్ కేసు ఉందా, ఇరుగుపొరుగుతో ఎలా ఉంటారు అన్నవి చూస్తారు. టీబీ లాంటి జబ్బులకి పరీక్షలు చేయిస్తారు. మీ సొంత పిల్లలుంటే వాళ్లతోనూ మాట్లాడతారు, అందుకే వాళ్లకి ముందే చెప్పి ఉంచండి. ఆ నివేదిక చూసి ఆర్డర్ ఇచ్చేది బాలల సంక్షేమ సమితి. బిడ్డ అభిప్రాయాన్నీ అడుగుతారు. బిడ్డ వచ్చాక సమితి తరఫున నెలనెలా తనిఖీ ఉంటుంది. మీ మీద అనుమానంతో చేసేది కాదిది, చట్టంలోనే ఉంది.

ఇక డబ్బు. మిషన్ వాత్సల్య కింద ఒక్కో బిడ్డకి నెలకి 4,000 రూపాయలు. ఇది బిడ్డ తిండికి, చదువుకి, మందులకి. మీ ఇంటి ఆదాయంలో కలుపుకునేది కాదు. బడి పుస్తకాలు, చెప్పులు, జ్వరమొస్తే ఆస్పత్రి అన్నీ లెక్కేస్తే ఇది చాలని నెలలూ ఉంటాయి. అందుకే బిడ్డ అవసరాలు తీర్చగల సొంత ఆదాయం ఉండాలని నిబంధన పెట్టారు.

చనిపోయిన కొడుకు బిడ్డల్ని పెంచుతున్న నాయనమ్మలు, చెల్లెలి పిల్లల్ని తెచ్చుకున్న పెద్దమ్మలు కూడా ఫాస్టర్ కేర్ గురించే అడుగుతున్నారు. మీరు ముందు అడగాల్సింది స్పాన్సర్‌షిప్. నెలకి 4,000 రూపాయలే. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు దాటకూడదు. మీ రక్తసంబంధం బిడ్డ మీ దగ్గరే ఉంటుంది.

రెండేళ్లు మీ దగ్గర పెరిగిన బిడ్డ చట్టప్రకారం దత్తతకి అర్హత పొంది ఉంటే, మీరే దత్తత కోరవచ్చు. ఇంతకుముందు ఈ గడువు 5 ఏళ్లు. అయితే కన్నవాళ్లు ఎదురుచూస్తున్న బిడ్డకి ఇది వర్తించదు.

ఎవరైనా “ఆస్పత్రిలో బిడ్డ ఉంది, ఇంత ఇస్తే రాయించేస్తాం” అంటే ఆ మాట అక్కడే ఆపండి. బిడ్డని అమ్మినా కొన్నా 5 ఏళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. డబ్బు ఇచ్చినవాళ్లూ అందులో ఉంటారు.

దరఖాస్తు కారా వారి కేరింగ్స్ పోర్టల్‌లో చేసుకోవచ్చు. ఆన్‌లైన్ రాకపోతే జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి నేరుగా వెళ్లండి. ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, వివాహ ధ్రువపత్రం లేదా విడాకుల ఉత్తర్వు, ఇంట్లో అందరి వివరాలు పట్టుకెళ్లండి. ఆఫీసు ఎక్కడో తెలియకపోతే మీ అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి. దిక్కులేని బిడ్డ కనబడితే మాత్రం ఇంటికి తీసుకెళ్లి ఉంచుకోకండి, వెంటనే 1098కి ఫోన్ చేయండి.