జానెడు కారుకు పక్క గొట్టాలు

టోలిచౌకి: ట్రాక్టరుకు పొగ గొట్టం బానెట్టు మీద నిటారుగా నిలబడి ఉంటుంది. కారుకైతే అడుగునుంచి వెనక్కి పోతుంది. ఈ రెండూ కాక, తలుపుల కింద బండి పొడుగునా బయటికి కనిపించేలా గొట్టాలు పెట్టిన కార్లు కొన్ని అమెరికాలో వచ్చాయి. షెవర్లే వారి కార్వెట్‌కు 1965లో, కావాలన్నవారికి కంపెనీయే ఇవి బిగించి ఇచ్చింది. షెల్బీ కోబ్రా 427కూ ఇలాంటివే. చూపుకు బాగుంటాయిగాని, దిగేటప్పుడు పిక్కకు తగిలితే చర్మం కాలేది.

అలాంటి కార్లను ఇరవై నాలుగో వంతుకు కుదించి బొమ్మలు చేయడం చాలామందికి సరదా. విడిభాగాలు పెట్టెలో అమ్ముతారు. కాని పెట్టెలో వచ్చిన గొట్టం అన్ని కార్లకూ నప్పదు. సొంతంగా చేసుకోవలసిందే.

టోలిచౌకి నుంచి షేక్‌పేట మీదుగా గుట్ట ఎక్కితే ఫిల్మ్‌నగర్. చిన్నదాన్ని పెద్దదని నమ్మించడం సినిమావారికి కొత్త కాదు. 1957 నాటి ‘మాయాబజార్’లో కనిపించే ద్వారక, మద్రాసులోని వాహినీ స్టూడియోలో 50 అడుగులకు 60 అడుగుల చోటులో 300 చిన్న ఇళ్లు పేర్చి, దీపాలు పెట్టి తీసినది. అది బొమ్మ ఊరని తెలియని ప్రేక్షకులు ఇప్పటికీ ఉన్నారు. ఇళ్లన్నీ ఒకే కొలతకు లొంగి ఉండటమే అందులోని కిటుకు. కారు గొట్టానికీ కొలతే ప్రాణం.

లెక్క కష్టమేమీ కాదు. ఆ నాటి కార్వెట్ పొడుగు సుమారు నాలుగున్నర మీటర్లు. ఇరవై నాలుగో వంతుకు 18 సెంటీమీటర్లు దాటుతుంది, అంటే జానెడులోపే. మూడంగుళాల గొట్టం అదే లెక్కన మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. బాల్‌పెన్ను రీఫిల్లు దాదాపు అంతే లావు. అయితే రీఫిల్లు కొలత చూసుకోవడానికే పనికివస్తుంది. ఆ ప్లాస్టిక్కుకు జిగురు సరిగా పట్టదు, రంగు నిలవదు. అల్యూమినియం గొట్టమో, ఇత్తడి గొట్టమో మేలు.

అసలు పనితనం వంపుల్లో ఉంది. ఎనిమిది సిలిండర్ల ఇంజనుకు పక్కకు నాలుగు సన్న గొట్టాలు బయటికి వచ్చి, వాగులు ఏట్లో కలిసినట్లు ఒక లావు గొట్టంలో కలుస్తాయి. ఈ నాలుగింటికీ రేడియో రిపేరు షాపులో దొరికే రెండు మిల్లీమీటర్ల సీసపు తీగ చాలు. మెత్తనిది, చెప్పినట్లు వంగుతుంది. వేళ్లతో వంచితే మూల తిరుగుతుంది కనుక మేకు చుట్టూ వంచాలి. లోపల డొల్లగా ఉన్న గొట్టాన్ని వంచాలంటే ముందు అందులో సరిపడే తీగ దూర్చాలి. పెద్ద గొట్టాలు వంచేవారు ఇసుక దట్టించేది కూడా ఇందుకే. లేకుంటే చొట్ట పడుతుంది.

ఎక్కువమంది బోల్తాపడేది మాత్రం వేరే చోట. ఎడమ గొట్టం చక్కగా కుదిరిందని అచ్చం అలాంటిదే ఇంకొకటి చేస్తారు. తీరా బిగించబోతే రెండూ ఎడమవే! చెప్పుల జతలాంటి వ్యవహారమిది. కాగితం మీద ఎడమదాని బొమ్మ గీసి, వెలుతురుకు పట్టి వెనకవైపు మళ్లీ గీసుకుంటే కుడిదానికి నమూనా దొరుకుతుంది. రెండు పూటల పని మిగులుతుంది.

గొట్టం కొస మూసుకుని ఉంటే పుల్లముక్కలా కనిపిస్తుంది. సన్న బర్మాతో తొలిచి నోరు తెరవాలి. వెండి రంగు వేసి ఊరుకోకూడదు. ఇంజను దగ్గర వేడికి లోహం గోధుమ రంగుకు, ఆపైన నీలానికి తిరుగుతుంది. అక్కడ ఆ ఛాయ, కొసన కాస్త మసి ఉంటే కారు నాలుగూళ్లు తిరిగి వచ్చినట్లుంటుంది. మాటు వేయడం కారు మీద పెట్టి చేయరాదు, ప్లాస్టిక్కు కరుగుతుంది. సీసం ముట్టిన చేతులు సబ్బుతో కడగందే అన్నం దగ్గర కూర్చోరాదు. పిల్లలు చేస్తుంటే పెద్దలు పక్కన ఉండాలి.

ఉండటం వేరు, కసరడం వేరు. తాటికాయలతో బండి కట్టే పిల్లవాణ్ని, డబ్బా రేకుతో లారీ చేసే పిల్లవాణ్ని “చదువు మాని చెత్త ఏరుతున్నావా” అని కేకలు వేయని ఇల్లు అరుదు. హైదరాబాద్‌కు చెందిన కె. సుధాకర్ బడిలో చదివే రోజుల్లోనే పాత సామానుతో బండ్లు చేయడం మొదలుపెట్టారు. 2005లో ఆయన చేసిన మూడు చక్రాల సైకిలు 41 అడుగుల 7 అంగుళాల ఎత్తుతో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. వంకాయ, బూటు, క్రికెట్ బ్యాటు ఆకారాల్లో ఆయన చేసినవి బొమ్మలు కావు, మనిషి ఎక్కి నడిపే బండ్లు. వంకాయలోనైనా ఇంజను ఇమడాలి, పొగ బయటికి పోవాలి. 2010లో తెరిచిన ఆయన మ్యూజియం బహదూర్‌పురాలో, జూపార్కు దగ్గరలో ఉంది.