న్యూటను పుట్టిన రైతు ఇల్లు

పిల్లలూ! గోడమీద బొమ్మలు గీసి అమ్మచేత చివాట్లు తినని వారు మీలో ఎవరున్నారు? అట్లాంటి గీతలున్న ఒక ఇంటి కథ చెబుతాను, వినండి.

ఇంగ్లండులో లింకన్‌షైరు ప్రాంతాన వూల్స్‌తోర్ప్ అనే పల్లె ఉన్నది. అక్కడి 'మేనరు'ను 1623లో రాబర్టు న్యూటను అనే రైతు కొన్నాడు. మేనరు అంటే పూర్వం ఆ దేశంలో ఊరి పెత్తనంతో కూడిన భూమి. పెత్తందారు ఉండేది మేనరు ఇల్లు. పేరు గొప్పదే కాని, ఇది కోటా కాదు, రాజభవనమూ కాదు. గొర్రెలు పెంచుకునే రైతు ఇల్లు. గోడలు సున్నపురాతివి. చలిదేశం కనుక లోపల పెద్ద పొయ్యిగూళ్ళు ఉన్నవి. కిటికీలకు నిలువుగా రాతికమ్ములు నిలిపారు. పెద్ద అద్దాలు చేయడం కష్టమైన ఆ రోజులలో చిన్న చిన్న గాజుముక్కలను సీసపు పట్టీలతో కూర్చి కిటికీలకు అమర్చేవారు.

రాబర్టు కొడుక్కు సంతకం చేయడం కూడా రాదు. అతడు చనిపోయిన మూడు నెలలలోపే, అప్పటి ఇంగ్లండు లెక్క ప్రకారం 1642 డిసెంబరు 25న, ఈ ఇంట ఒక మగబిడ్డ పుట్టాడు. అతడే ఐజాక్ న్యూటను!

న్యూటను పెద్దవాడవుతూనే తల్లి బడి మాన్పించి, పొలం చూసుకొమ్మన్నది. అతని ధ్యాస పుస్తకాలమీద! 1659లో అతని పందులు పరుల చేలో పడినందుకు, దడి బాగుచేయనందుకు జరిమానా కూడా పడింది. అప్పుడు గ్రాంథం బడిపంతులు హెన్రీ స్టోక్సు తల్లికి నచ్చచెప్పి, పిల్లవాణ్ణి మళ్ళీ బడికి రప్పించాడు. 1661లో న్యూటను కేంబ్రిడ్జి చేరాడు.

1665లో ప్లేగు వచ్చి విద్యాలయం మూతపడగా అతడు ఈ ఇంటికే వచ్చి, గణితాన్ని గురించి, కాంతిని గురించి ఆలోచించాడు. తోటలో ఆపిలుపండు రాలడం చూసి భూమి ఆకర్షణను గురించి తలపోశానని ముసలితనంలో తానే చెప్పాడు. పండు నెత్తిన పడిందనేది మాత్రం కల్పన. ఆ చెట్టు 1820లో గాలివానకు కూలినా, మళ్ళీ చిగిర్చి నేటికీ కాస్తున్నది!

ఇక గోడ సంగతి. 2017లో పలు దిక్కుల నుంచి వెలుగు ప్రసరింపజేసి ఫోటోలు తీయగా, పొయ్యిగూటి దగ్గర కంటికి ఆనని గాలిమర బొమ్మ బయటపడింది. చిన్ననాటి న్యూటనే గీశాడని అనుకుంటున్నారు.

పెద్దలకు ఒక మాట: ఆ తల్లి పంతులుగారి మాట వినకపోతే ఆ పిల్లవాడు దడులు కట్టుకుంటూ ఉండిపోయేవాడేమో! మీ గోడమీది గీతలను తుడిచేముందు ఒకసారి పరకాయించి చూడండి.