అమలాపురం స్మాష్: గంటకు 565 కిలోమీటర్లు

మీకు తెలుసా? బ్యాడ్మింటన్‌లో మన కోనసీమ కుర్రాడు కొట్టిన స్మాష్ గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. అమలాపురంలో 2000లో పుట్టిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్, 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని యోనెక్స్ ఫ్యాక్టరీ జిమ్‌లో కొట్టిన షటిల్ గంటకు 565 కిలోమీటర్ల వేగం అందుకుంది. మలేసియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పేరిట పదేళ్లుగా ఉన్న 493 కిలోమీటర్ల రికార్డు దాంతో చెరిగిపోయింది. షటిల్ అంటే ఎంతని? పదహారు ఈకలు, అయిదు గ్రాముల బరువు! అయితే ఆ వేగం రాకెట్‌ను వదిలిన క్షణానిదే. ఈకలు గాలికి అడ్డుపడి, అవతలివాడిని చేరేలోపు దాన్ని బాగా తగ్గించేస్తాయి. లేకపోతే తిరిగి కొట్టేవాడెవడు?

2014లో గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీలో చేరిన సాత్విక్‌ను డబుల్స్‌లో ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టితో జతకట్టించింది మలేసియా కోచ్ టాన్ కిమ్ హర్. ఇద్దరూ పొడగరులే, ఇద్దరూ వెనక నుంచి బాదేవాళ్లే. మరి నెట్ దగ్గర ఎవరుంటారన్న సందేహం మొదట్లో వాళ్లకే ఉండేదట. 2022లో పురుషుల జట్ల పోటీ థామస్ కప్ గెలిచిన భారత జట్టులో ఈ జోడీ ఉంది. 2023లో ఆసియా చాంపియన్‌షిప్, ఆసియా క్రీడల స్వర్ణం, ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు వరసగా వచ్చాయి.

చేదు ముచ్చట ఒకటుంది. టోక్యో ఒలింపిక్స్ గ్రూపు దశలో మూడింట రెండు మ్యాచ్‌లు గెలిచి కూడా ఇంటిదారి పట్టారు. అందులో వీళ్ల చేతిలో ఓడిన తైవాన్ జోడీయే చివరికి స్వర్ణం ఎగరేసుకుపోయింది.