వంతు – వివేకము

పాచికలనగానే మన పెద్దలకు జూదము స్ఫురించుట సహజము. మేమిచ్చట వివరింపబోవు ఆటలో పాచికలున్నవి గాని పందెము లేదు. ఓడినవాడు చెల్లింపవలసినది ఏమియు లేదు.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను వెలువరించిరి. కొందరు మిత్రులు ఒక బల్లయొద్ద కూర్చుండి, తలకొక పాత్ర ధరించి, నోటిమాటతోనే సాహసగాథను నడుపుదురు. నిర్వాహకుడొకడు శత్రువుల పక్షమున పలుకును. కథ సాగునంతసేపు ఎవరైనను మాటలాడవచ్చును. యుద్ధము ఆరంభమైనంతనే వంతులు ఏర్పడును. 2014 నాటి ఐదవ కూర్పు ననుసరించి ఆ పద్ధతిని తెలిపెదము.

మొదట ప్రతివారును 20 ముఖముల పాచిక వేసి, వచ్చిన అంకెకు తమ పాత్ర చురుకుదనపు అంకెను కలుపుదురు. ఎక్కువ వచ్చినవారిది ముందు వంతు. అందరి వంతులు ముగిసిన ఒక చుట్టు పూర్తియగును. కథలో అది 6 సెకనుల కాలము మాత్రమే.

తన వంతులో ఆటగాడు కొంత నడువవచ్చును, ఒక ముఖ్యచర్య చేయవచ్చును. సామాన్య మానవపాత్ర నడక 30 అడుగులు. ముఖ్యచర్య ఒక్కటే గనుక ఎంచుకొనక తప్పదు: కొట్టుట, మంత్రము ప్రయోగించుట, మరింత దూరము పరుగెత్తుట, దెబ్బలు తప్పించుకొనుటయందే దృష్టి నిలుపుట, శత్రువునుండి జాగ్రత్తగా వైదొలగుట, తోడివానికి సాయపడుట మున్నగునవి. కొట్టదలచినవాడు మరల పాచిక వేయును. తన నేర్పునకు తగిన అంకె కలుపగా వచ్చిన మొత్తము శత్రువు రక్షణపు అంకెకు సమమైనను, మించినను దెబ్బ తగులును. ఇవిగాక, చుట్టునకొక్కసారి ఇతరుల వంతులో సైతము చేయదగిన ప్రతిచర్య కలదు. శత్రువు తన చేతికందు మేర దాటిపోవునప్పుడు ఒక వేటు వేయుట అట్టిది.

ఒక ఉదాహరణము చూతము. దుర్బలుడైన మాంత్రికుని యెదుట రాక్షసుడు నిలిచెను. ప్రక్కనే ఖడ్గధారి కలడు. మాంత్రికుడు ఊరక పరుగెత్తినచో రాక్షసుడు ప్రతిచర్యగా కొట్టును. జాగ్రత్తగా వైదొలగినచో ఆ దెబ్బ తప్పును గాని, అదియే అతని ముఖ్యచర్య యగుటచే మంత్రము వేయ వీలుండదు. పైగా అతని నడక 30 అడుగులు, రాక్షసునిది 40. అయినను రాక్షసుడు వెంబడింపవలెనన్న ఖడ్గధారి కత్తికందు మేరను విడువవలెను. అప్పుడు ఖడ్గధారి, తన వంతు కాకున్నను, ఒక వేటు వేయగలడు. ఒకడు వెనుకకు తగ్గుట మరియొకనికి అవకాశమైనది.

సాయపడుట మరింత గమనింపదగినది. ఖడ్గధారి తన చర్యను అందులకు వినియోగించినచో, మిత్రుడు ఆ శత్రువును కొట్టునప్పుడు రెండు పాచికలు వేసి పెద్ద అంకెను గ్రహించును. సాయపడినవాడు కత్తి విసరలేదు. తగిలిన దెబ్బలో మాత్రము అతనికిని పాలు కలదు.

మా తరగతులలో నలుగురు బిగ్గరగా పలికినచో తక్కినవారు మౌనము వహించుట మేమెరుగుదుము. ఈ ఆటలో గొంతు పెద్దదైనంత మాత్రమున వంతు పెద్దది కాదు. బల్ల చివర కూర్చున్న బిడియస్థుని వంతు వచ్చినప్పుడు అందరును ఆగి వినవలసినదే. కళాశాల సంఘము వారు వారమునకొక సాయంకాలము ఒక బల్లను అనుగ్రహించినచో, ఆ పాఠమును మేము ఉపన్యాసము లేకయే చెప్పగలము.