నారు పందిట్లో గాలీ, తేమా



వానకాలంలో ఒకనాడు రాయికోడు మండలంలో ఒక పెద్దాయన దగ్గరికి పోయినాను. ఇంటి వెనుక షేడ్‌నెట్ పందిరి వేసుకొని మిరప, టమాట నారు పోసినాడు. ట్రేలు, కొబ్బరిపొట్టు, హైబ్రిడ్ విత్తనం, అన్నీ డబ్బు పెట్టి కొన్నవే. నారు వయస్సు పదమూడు దినాలు. పందిరి నడుమ మంచమంత మేర మొక్కలు మొదట్లో మెత్తబడి అడ్డంగా పడి వున్నవి.

"నిన్న మాపటికి మంచిగనే వుండె సారు. పొద్దుగాల చూస్తే పండుకున్నది. నీళ్ళు సాలలేదేమో అని ఇంకింత పోసిన" అన్నాడు.

సోదరులారా, ఇక్కడనే మనం మోసపోతాము. నీరు లేక వాలిన మొక్కను పట్టి చూడండి, కాడ మొదలు గట్టిగానే వుంటుంది. కుళ్ళి పడిన మొక్క మొదలు నీరు పట్టినట్లు నానిపోయి, దారంలా సన్నబడి వుంటుంది. మొదటిదానికి నీరు మందు. రెండవదానికి అదే విషం. ఇది నారుకుళ్ళు తెగులు. పిథియం వంటి సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. పిథియం బీజాలు తడిలో ఈదుకుంటూ ఒక మొదలు నుంచి ఇంకొక మొదలుకు పోగలవు. కనుక ట్రే పైపొర రాత్రంతా ఆరకుండా వుండటమే దానికి కావలసింది.

మరి పందిరి అంచున వున్న మొక్కలు ఎందుకు బతికినవి? విత్తనం ఒకటే, నీరు ఒకటే. తేడా గాలిది. వాన జల్లు కొడుతుందని పెద్దాయన నాలుగు దిక్కులా టార్పాలిన్ దించి కట్టినాడు. అంచున సందుల నుంచి కొంత గాలి ఆడింది. నడుమ అది కూడా లేదు. పైగా పొలం పని ముగించుకొని వచ్చి, దీపాలు పెట్టే వేళకు నీళ్ళు పోసేవాడు.

గాలిలో తేమ లెక్క కొంచెం చెప్పుకుందాము. వేడిగాలి ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది, చల్లగాలి తక్కువ. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని పట్టగలదు. 22 డిగ్రీలకు దిగిందంటే 19 గ్రాములకు మించి పట్టజాలదు. పగలు మీ పందిట్లో 20 గ్రాములు వున్నదనుకోండి, గాలి పొడిగానే తోస్తుంది. రాత్రి చల్లబడేసరికి అదే గాలి నిండు కుండ అవుతుంది. పట్టలేని నీరు ఆకుల మీద, ట్రేల మీద మంచులా దిగుతుంది. బయట ఒక్క చుక్క వాన పడకపోయినా లోపల నారు తడిసే వుంటుంది. సాయంత్రం పోసిన నీరు ఇక ఎక్కడికి ఆరిపోవాలె?

గాలి ఆడకపోతే ఇంకొక నష్టం. ఆకు చుట్టూ పలుచని పొరలా గాలి అంటుకొని వుంటుంది. ఆకు వదిలిన ఆవిరి అందులోనే నిలిచిపోతే మొక్క నీరు లాగటం తగ్గిస్తుంది, నీటితో వచ్చే సున్నం వంటి పోషకాలూ తగ్గుతవి. మెల్లని గాలి ఆ పొరను తుడిచివేస్తుంది. కదిలే మొక్క కాడ లావెక్కుతుంది కూడా. మొక్కల కాండాన్ని రోజూ మెల్లగా రుద్దితే పొడుగు తగ్గి గట్టిపడటాన్ని జాఫీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1973లో వివరించాడు. మనం వెదురుకర్రతో నారు కొసలను మధ్యాహ్నం ఆకులు ఆరివున్నప్పుడు మెల్లగా నిమిరినా చాలు. చేతితో నిమిరేవారు ముందు సబ్బుతో కడుక్కోవాలె. బీడీ తాగిన చేయి అసలే వద్దు. పొగాకులోని మొజాయిక్ వైరస్ మిరపకు, టమాటకు అంటుకుంటుంది.

ఇక చేయవలసిన పని. నీళ్ళు పొద్దున్నే పోయండి, సాయంకాలానికి పైపొర ఆరాలె. మొగులు పట్టిన దినం వేలు పెట్టి చూసి, తడి వుంటే మానుకోండి. ట్రేలను నేల మీద పరచక ఇటుకల మీదనో, వెదురు తడికె మీదనో ఎత్తి పెడితే కింద నుంచి కూడా గాలి పోతుంది. విత్తిన ట్రేలను పట్టా కప్పి వుంచుతాము కదా, మొలక తల ఎత్తిన నాడే పట్టా తీసివేయండి. ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు తెల్లగా, పొడుగ్గా సాగిపోతవి. మడిలో పోసేవారు మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు మడి చేసి, వరుసల్లో పలుచగా విత్తండి. గుప్పిళ్ళతో ఒత్తుగా చల్లినచోటే తెగులు ముందుగా పడుతుంది.

జల్లు ఆపటానికి గాలి వచ్చే దిక్కున మాత్రం టార్పాలిన్ దించండి, వాన వెలిసిన వెంటనే ఎత్తండి. తెల్లదోమను ఆపే సన్నకన్ను వల గాలిని కూడా కొంత ఆపుతుంది. అట్లని వల తీసివేయరాదు, ముడత వైరస్ లోపలికి వస్తుంది. పందిరి ఎత్తు పెంచుకోవాలె, ట్రేల వరుసల మధ్య దారి వదలాలె. చిన్న ఫ్యాను పెట్టగలవారు గాలి నేరుగా నారు మీద కొట్టకుండా పక్కకు తిప్పండి. ఆకు వణికితే చాలు, వాలరాదు. తడి చోట కరెంటు తీగలు, జాగ్రత్త. ఎండకాలం మాట వేరు. అప్పుడు వడగాలికి ట్రేలోని పిడికెడు పొట్టు పూట గడవక ముందే ఎండుతుంది. ఆ దిక్కున తడిపిన గోనెపట్టాలు కట్టి గాలిని నెమ్మది పరచవలె.

గాలి ఆడుతున్నదో లేదో ఎట్లా తెలుస్తుంది? పందిరి నడుమ అగరుబత్తి వెలిగించండి. పొగ ఒక పక్కకు మెల్లగా వాలిపోతే మంచిది. నిట్టనిలువుగా లేచి అక్కడే కమ్ముకుంటే గాలి నిలిచినట్లే. తేమకు రెండు థర్మామీటర్లు చాలు. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి విసనకర్రతో విసరండి. రెండూ ఒకే అంకె చూపితే గాలి నిండిపోయింది. తేడా పెరిగినకొద్దీ గాలి పొడి అన్నమాట.

తెగులు కనపడితే పడిన మొక్కలను చుట్టూ పొట్టుతో సహా తీసి దూరంగా పారవేసి, మిగిలినవాటి మొదళ్ళు తడిసేటట్లు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయండి. తరువాత ఆరనివ్వండి. మందు పోసి టార్పాలిన్ కట్టివేస్తే పోసిన మందు దండుగ. అనుమానముంటే జహీరాబాదు దగ్గర డిడ్గిలోని కృషి విజ్ఞాన కేంద్రానికి ఒక ట్రే పట్టుకొనిపోయి చూపండి.

పెద్దాయనకు సగం నారు దక్కింది. పోయిన మిరపను మళ్ళీ పోయవలసి వచ్చింది, అది నాటుకు రావటానికి అయిదారు వారాలు. దున్ని పెట్టిన మడి అంతవరకు వూరకే వున్నది. రెండవసారి టార్పాలిన్ పైకి చుట్టి కట్టినాడు. నాటటానికి వారం ముందు నుంచి నీరు తగ్గించి, ట్రేలను దినానికి కొంతసేపు చొప్పున బయటి ఎండగాలికి అలవాటు చేసి, ఆ తరువాతనే పొలానికి తీసుకపోయినాడు.